అమ్మ మెదడు స్కాన్‌లో తెల్ల మచ్చలు: ఇది వయసా, బీపీనా?

కొల్లిపర కుర్రాడు • జనవరి 19, రాత్రి 10:52

అందరికీ నమస్కారం. మా అమ్మకు 69 ఏళ్లు. నాన్న పోయి ఆరేళ్లయింది, ఊళ్లో ఒక్కతే ఉంటుంది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం.

మా ఇంట్లో ఎప్పుడూ రెండు గేదెలు ఉండేవి. ముప్పై ఏళ్లు పాల లెక్క అంతా అమ్మ నోటి మీదే నడిచింది. ఎవరు ఎన్ని రోజులు మానేశారు, ఎవరికి అర లీటరు ఎక్కువ పోసింది, నెలాఖరుకు ఎవరు ఎంత ఇవ్వాలి, అంతా కాగితం ముక్క లేకుండా చెప్పేది. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు చూశాను. ఇప్పుడు పోసేది నాలుగిళ్లకే. ఆ నాలుగిళ్ల లెక్క కూడా కుదరడం లేదు. వేళ్లు మడుస్తుంది, మధ్యలో ఆగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. పక్కన కూర్చుని చూడలేకపోయాను.

పేర్లు, మొహాలు మర్చిపోవడం లేదు. నా కూతురు పుట్టిన రోజు తిథి, నక్షత్రంతో సహా చెప్పింది. కానీ పనిలో వరస తప్పుతోంది. పులుసుకని చింతపండు నానబెట్టి, గంట తర్వాత ఇంకో గిన్నెలో మళ్లీ నానబెట్టింది. నడక కూడా మారింది, కాళ్లు నేలకు రాస్తూ చిన్న చిన్న అడుగులు వేస్తోంది.

బీపీ వచ్చి 15 ఏళ్లు. తల బరువుగా ఉన్న రోజున మాత్రమే మాత్ర వేసుకునేదని ఇప్పుడు తెలిసింది. షుగర్ తొమ్మిదేళ్లుగా ఉంది.

గుంటూరులో న్యూరో డాక్టర్‌కు చూపించి ఎమ్మారై తీయించాం. రిపోర్టులో 'క్రానిక్ స్మాల్ వెసెల్ ఇస్కీమిక్ చేంజెస్, ఫజెకాస్ గ్రేడ్ 2, పాత లాక్యునార్ ఇన్‌ఫార్క్ట్' అని రాశారు. 'వయసులో వచ్చేవే, బీపీ జాగ్రత్తగా చూసుకోండి' అని డాక్టర్ గారు రెండు ముక్కల్లో చెప్పారు. బయట నలభై మంది ఎదురు చూస్తున్నారు, ఆయన్ని తప్పుపట్టను. కానీ నాకు నిద్ర పట్టడం లేదు. ఇది అల్జీమర్సా? గుండెకు, కిడ్నీకి చేటు చేసే బీపీ మతిని కూడా పాడు చేస్తుందా? ఇప్పుడు మేం చేయగలిగింది ఏమైనా ఉందా?

---

నర్సమ్మ ఖమ్మం • జనవరి 19, రాత్రి 11:30

తమ్ముడూ, ముందు కాస్త కుదుటపడు. నేను 34 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. నీకు జవాబు చెప్పేముందు నాలుగు సంగతులు కావాలి.

అమ్మకు బీపీ కూర్చోబెట్టి చూశారా, నిలబెట్టి కూడా చూశారా? లేచినప్పుడు కళ్లు బైర్లు కమ్ముతున్నాయా? షుగర్‌కు ఏ మాత్ర వాడుతోంది? మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గొచ్చు. మాంసం, గుడ్లు తినని మనిషైతే ఇంకా తగ్గుతుంది. బీ12 తక్కువైతే మతిమరుపు, కాళ్లలో తిమ్మిర్లు, నడక తూలడం అన్నీ వస్తాయి. అది ఇంజెక్షన్లతో సరిచేయగలిగిన సంగతి. థైరాయిడ్ కూడా చూడాలి. ఈ రెండు రక్త పరీక్షలు చేయించకుండా ఏ పేరూ పెట్టుకోవద్దు.

ఇంకోటి, చెవులు సరిగా వినిపిస్తున్నాయా? వినపడని మనిషిని మతిమరుపు మనిషి అనుకోవడం మా వార్డులో ఎన్నిసార్లు చూశానో.

---

నాడి • జనవరి 20, ఉదయం 6:15

నేను జనరల్ ఫిజీషియన్‌ని. మీ అమ్మగారిని చూడకుండా ఇది ఫలానా జబ్బు అని చెప్పను. రిపోర్టులో రాసిన దానికి అర్థం చెబుతాను.

మీది కృష్ణా డెల్టాలోని కొల్లిపర కాబట్టి కాలువల లెక్కలో చెబితే సులువు. మెదడు బరువు మన ఒంటి బరువులో 2 శాతం ఉంటుంది. ఒళ్లు ఖర్చు చేసే శక్తిలో 20 శాతం దాకా అదొక్కటే తీసుకుంటుంది. పైగా దాచుకునే గిడ్డంగి లేదు, ఏ నిమిషానికి ఆ నిమిషం గుండె నుంచి నెత్తురు అందాల్సిందే. మెదడు పైపొరకు పెద్ద కాలువలున్నాయి. లోపలి తెల్ల పదార్థానికి మాత్రం వెంట్రుకంత సన్నని రక్తనాళాలు పోతాయి. వాటికి పక్క నుంచి ఇంకో కాలువ కలవదు. అంటే అది చివరి ఆయకట్టు. పైన లాకుల దగ్గర ఏ తేడా వచ్చినా ముందు ఎండేది ఆ పొలాలే.

బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఆ సన్న నాళాల గోడలు దళసరెక్కి గట్టిపడతాయి, లోపలి దారి ఇరుకవుతుంది. షుగర్ ఆ గోడల లోపలి పొరను పాడుచేస్తుంది. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని కూడా వయసుతో, బీపీతో సాగే గుణం పోగొట్టుకుంటుంది. మామూలుగా గుండె కొట్టే ప్రతి దెబ్బనూ అది సాగి మెత్తబరుస్తుంది. గట్టిపడ్డాక ఆ దెబ్బ నేరుగా మెదడు నాళాలకే తగులుతుంది. అలా నీరందక ఎండిన చోట్లే స్కాన్‌లో తెల్ల మచ్చలుగా కనిపిస్తాయి. 'లాక్యునార్ ఇన్‌ఫార్క్ట్' అంటే ఒక సన్న నాళం పూర్తిగా మూసుకుపోయి, ఆ కొంచెం భాగం చచ్చుబడిన గుర్తు. అది ఎప్పుడు వచ్చిందో చాలామందికి తెలియనే తెలియదు. అలాంటివాళ్లకు మూతి వంకర పోదు, చెయ్యి పడిపోదు. ఒకరోజు కాస్త నీరసంగా ఉందనుకుని పడుకుని ఉంటారు.

ఆ తెల్ల పదార్థం మెదడులో ఒక భాగాన్ని ఇంకో భాగంతో కలిపే తీగల కట్ట. అది దెబ్బతింటే మొదట పోయేది జ్ఞాపకం కాదు, వేగం, వరస, లెక్క. మీరు రాసిన పాల లెక్క, చింతపండు, చిన్న అడుగులు ఈ కోవలోకే వస్తాయి. అల్జీమర్స్‌లో ఎక్కువగా కొత్త సంగతులు మర్చిపోవడంతో మొదలవుతుంది. అయితే రెండూ కలిసి ఉండటం ముసలితనంలో చాలా మామూలు. అమెరికాలో క్రైస్తవ సన్యాసినుల మెదళ్లను వాళ్లు చనిపోయాక పరీక్షించి 1997లో ఒక ఫలితం ప్రకటించారు. మెదడులో అల్జీమర్స్ గుర్తులు ఉన్నవాళ్లలో, వాటికి తోడు ఇలాంటి చిన్న చిన్న ఇన్‌ఫార్క్ట్‌లు కూడా ఉన్నవాళ్లకే బతికుండగా మతి పోయే జబ్బు చాలా ఎక్కువగా కనిపించింది. అల్జీమర్స్ గుర్తులు ఉండి కూడా నాళాలు బాగున్న కొందరు చివరిదాకా చక్కగానే గడిపారు.

అందుకే 'వయసులో వచ్చేవే' అనే మాట సగమే నిజం. 69 ఏళ్లకు ఒకటి రెండు చుక్కలు ఉండొచ్చు. గ్రేడ్ 2 అంటే చుక్కలు కలిసి మచ్చలు కడుతున్నాయి. దాని వెనక పదిహేనేళ్ల బీపీ ఉంది.

---

కొల్లిపర కుర్రాడు • జనవరి 20, ఉదయం 7:40

నాడి గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా నాన్న చివరి ఆయకట్టు రైతే. ఎగువన గండి పడితే మా చేలో నెల తర్వాత తెలిసేది. మీరన్నది ఎంత నిజమో నాకు బాగా అర్థమైంది.

నర్సమ్మ గారూ, బీ12 చూడలేదు. అమ్మ శాకాహారి, మెట్‌ఫార్మిన్ తొమ్మిదేళ్ల నుంచీ వాడుతోంది. శనివారం వెళ్లి చేయిస్తాను. నిలబెట్టి బీపీ ఎవరూ చూడలేదు. చెవులు బాగానే వినిపిస్తాయి, గేదె అరిచిన చప్పుడుకే లేస్తుంది.

---

పాత పేపర్లు • జనవరి 20, మధ్యాహ్నం 1:05

'బీపీ వయసుతో వచ్చేదే' అన్న మాటకు పెద్ద చరిత్రే ఉంది. అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ బీపీ 1937లో 162/98, 1941లో 188/105. ఆయన సొంత వైద్యుడు ఆ వయసుకు అది మామూలే అనుకున్నాడు. 1944 మార్చిలో ఒక గుండె వైద్యుడు పరీక్షిస్తే అప్పటికే గుండె విఫలమవుతోంది. 1945 ఏప్రిల్ 12న 'తల వెనక విపరీతంగా నొప్పి' అని కూలిపోయాడు. అప్పుడు చూస్తే బీపీ 300/190. మెదడులో రక్తనాళం చిట్లి 63 ఏళ్లకే పోయాడు. దేశాన్ని ఏలే మనిషికే అప్పట్లో సరైన మందు లేదు.

మూడేళ్లకు, 1948లో, అక్కడి ప్రభుత్వం గుండె జబ్బుల మీద చట్టం చేసింది. అదే ఏడాది ఫ్రామింగ్‌హామ్ అనే చిన్న పట్టణంలో 5,209 మందితో అధ్యయనం మొదలైంది. వాళ్ల పిల్లల్ని, మనవల్ని కూడా చేర్చుకుంటూ ఇప్పటికీ సాగుతోంది. బీపీ, కొలెస్ట్రాల్, పొగ తాగడం గుండెకు చేటని మనం ఈరోజు మామూలుగా అనుకునే మాటలు చాలావరకు అక్కడి నుంచి వచ్చినవే.

ఈ చర్చకు పనికొచ్చేది 2016లో వచ్చిన వాళ్ల ఫలితం. 1970ల చివరి నుంచి మూడు దశాబ్దాల పాటు, కొత్తగా డిమెన్షియా (మతి పోయే జబ్బు) వచ్చేవాళ్ల రేటు పదేళ్లకు సుమారు 20 శాతం చొప్పున తగ్గుతూ వచ్చింది. అదే కాలంలో అక్కడ బీపీ మందులు వాడేవాళ్లు పెరిగారు, పక్షవాతాలు తగ్గాయి. కారణం ఇదొక్కటే అని ఆ పరిశోధకులు తేల్చలేదు. ఈ తగ్గుదల కనీసం హైస్కూలు చదివినవాళ్లలోనే కనిపించింది. చదువు లేనివాళ్లకు ఆ మేలు అందలేదు. నన్ను బాధించేది అదే.

---

సహజ మార్గం • జనవరి 20, సాయంత్రం 5:20

మీరంతా మాత్రల వైపే తీసుకెళ్తున్నారు. మా మేనమామ కొలెస్ట్రాల్ మాత్ర మొదలుపెట్టాకే మతిమరుపు వచ్చింది. మెదడే కొవ్వుతో తయారైంది, కొవ్వు తగ్గించే మందు వేస్తే ఏమవుతుంది? రోజూ రెండు చెంచాల కొబ్బరినూనె, పొద్దున్నే మెంతి నీళ్లు. మా ఇంట్లో అదే మందు. బీపీ మాత్ర ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వదలదు.

---

నాడి • జనవరి 20, రాత్రి 9:10

సహజ మార్గం గారూ, మీ మేనమామ గారి విషయం కొట్టిపారేయను. స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ తగ్గించే మాత్రలతో కొందరికి మతిమరుపు వచ్చినట్టు నివేదికలు ఉన్నాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2012లో ఆ మాట మందు కాగితం మీద చేర్చింది. అరుదు అనీ, మందు ఆపితే పోతుందనీ కూడా రాసింది. వేల మందితో ఏళ్ల పాటు చేసిన పెద్ద పరీక్షల్లో మాత్రం స్టాటిన్ వాడినవాళ్ల మతి మిగతావాళ్లకంటే ఎక్కువగా దిగజారలేదు. ఆయన డాక్టర్‌కు చెప్పి కొన్నాళ్లు ఆపి చూడొచ్చు. తనంతట తాను మానేయకూడదు. మెదడు తనకు కావాల్సిన కొలెస్ట్రాల్‌ను తానే తయారు చేసుకుంటుంది, నెత్తురులోది తీసుకోదు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ డిమెన్షియాకు దారితీసే, మనం మార్చుకోగల కారణాలు 14 అని లెక్క కట్టింది. అందులో కొత్తగా చేర్చిన రెండింటిలో ఒకటి నడివయసులో చెడ్డ కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉండటం. రెండోది చూపు తగ్గినా సరిచేయించుకోకపోవడం. ఆ 14 కారణాలనూ తొలగించగలిగితే ప్రపంచంలో 45 శాతం దాకా కేసులు ఆపడమో, ఆలస్యం చేయడమో వీలవుతుందని వాళ్ల అంచనా.

మెంతి నీళ్లు తాగండి, కాదనను. కానీ 170 బీపీని మెంతి నీళ్లు దించవు.

బీపీ తగ్గిస్తే మతికి మేలు అన్నదానికి రుజువు ఉందా అంటే, ఉంది. అమెరికాలో స్ప్రింట్ అని ఒక పరీక్ష జరిగింది. 50 ఏళ్లు దాటిన 9,361 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు పై బీపీ 140 లోపు, ఇంకో గుంపుకు 120 లోపు ఉండేలా మందులిచ్చారు. గుండెకు, ప్రాణానికి మేలు అంత స్పష్టంగా కనిపించడంతో 2015లో ముందే ఆపేశారు. మతి సంగతి 2019లో ప్రకటించారు: 120 గుంపులో, డిమెన్షియాకు ముందు మెట్టయిన తేలికపాటి మతి లోపం 19 శాతం తక్కువ. అసలు డిమెన్షియా కూడా తక్కువే కనిపించింది గానీ, కాకతాళీయం కాదని చెప్పేంత తేడా రాలేదు. షుగర్ ఉన్నవాళ్లను, పక్షవాతం వచ్చినవాళ్లను అందులో తీసుకోలేదు. కాబట్టి కొల్లిపర కుర్రాడి అమ్మగారికి 120 దాకా దించేయాలని దీన్ని చూసి ఎవరూ అనుకోకండి.

---

వరంగల్ వాకర్ • జనవరి 21, ఉదయం 8:25

నా వయసు 73, బ్యాంకులో చేసి రిటైరయ్యాను. షుగర్ వచ్చి 22 ఏళ్లు. నేను చెప్పేది దీనికి రెండో వైపు, అందుకే రాస్తున్నాను.

షుగర్ మెదడుకు చేటని పేపర్లో చదివి నాకు భయం పట్టుకుంది. మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 6 కి తేవాలని పట్టుదలగా అన్నం మానేసి, మాత్రలు మాత్రం అలాగే వేసుకునేవాణ్ని. పోయిన ఏడాది ఒకరోజు టిఫిన్ తినకుండా భద్రకాళి చెరువు గట్టు మీద నడుస్తుంటే చెమటలు పట్టాయి, మాట తడబడింది, ఎక్కడున్నానో అర్థం కాలేదు. తోటి వాకర్లు పక్షవాతం అనుకుని ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ చూస్తే షుగర్ 48. గ్లూకోజ్ ఎక్కించాక పది నిమిషాల్లో మామూలు మనిషినయ్యాను. ఆ పది నిమిషాల ముందు నా భార్య పేరు అడిగితే చెప్పలేకపోయానట. ఇది తలచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

మా డాక్టర్ నా వయసుకు 7.5 చాలన్నారు, మాత్ర మార్చారు. నాడి గారూ, ఇది అందరికీ వివరంగా చెప్పండి.

---

నాడి • జనవరి 21, మధ్యాహ్నం 2:30

వాకర్ గారూ, మీరు రాయడం ఎంతో మంచిదైంది. షుగర్ మరీ పడిపోవడం మెదడుకు నేరుగా దెబ్బ. మళ్లీ మళ్లీ అలా పడిపోయిన పెద్దవాళ్లలో డిమెన్షియా ఎక్కువని అధ్యయనాలు చూపించాయి. అకార్డ్ అనే పెద్ద పరీక్షలో షుగర్‌ను బాగా కట్టడి చేసిన గుంపులో మరణాలు పెరగడంతో 2008లో ఆ భాగం ఆపేశారు. అందులో మతి పరీక్షలు కూడా చేశారు. కట్టడి చేసినవాళ్ల మెదడు పరిమాణం కాస్త తక్కువ కుంచించుకుపోయింది, కానీ జ్ఞాపకం, వేగం, ఆలోచన ఏమీ మెరుగుపడలేదు. అప్పటికే పదేళ్లుగా షుగర్ ఉన్న, అరవై ప్రాంతంలో ఉన్నవాళ్లకు గట్టి కట్టడి మతిని కాపాడలేదు.

ఇన్సులిన్ పనిచేయకపోవడం, పొట్ట చుట్టూ కొవ్వు, నెత్తుటి నాళాల వాపు, ఇవన్నీ మెదడుకు చేటు మొదలుపెట్టేది నలభైల్లో, యాభైల్లో. అప్పుడు ఏ నొప్పీ ఉండదు. నా దగ్గరికి 44 ఏళ్ల మనిషి 150/95 బీపీతో వస్తే 'నాకేం ఇబ్బంది లేదు డాక్టర్ గారూ' అంటాడు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే 2023లో దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు అని చెప్పింది. షుగర్ అంచున ఉన్నవాళ్లు 13.6 కోట్లు. అరవై దాటినవాళ్లలో డిమెన్షియా 7.4 శాతం, అంటే 88 లక్షల మంది అని అదే ఏడాది ఇంకో అంచనా వచ్చింది. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఇంకో ఇరవై ఏళ్లకు మన ఇళ్లలో ఏం జరగబోతోందో తలచుకుని నాకు నిజంగా భయం వేస్తుంది.

ఇంకో మాట. కంటి రెటీనా నాళాలు, మెదడు సన్న నాళాలు ఒక కోవవి. షుగర్ ఉన్నవాళ్లు ఏటా చేయించుకునే కంటి లోపలి పరీక్ష చూపుకే కాదు, ఆ సన్న నాళాల తీరు తెలియడానికీ పనికొస్తుంది.

---

ఫ్రిస్కో అమ్మాయి • జనవరి 21, రాత్రి 11:48

నాడి గారూ, ఇక్కడ అమెరికాలో మా తెలుగువాళ్లలో సగం మంది బరువు తగ్గే ఇంజెక్షన్ వాడుతున్నారు. షుగర్‌కు, గుండెకు మంచిదంటే మెదడుకు కూడా పనిచేస్తుందా? మా మామగారికి అల్జీమర్స్ మొదటి దశ అన్నారు. ఆయనకు ఇప్పించమని మా ఆయన గొడవ చేస్తున్నారు.

---

నాడి • జనవరి 22, ఉదయం 6:40

సెమాగ్లూటైడ్ గురించే కదా మీరడిగేది. అల్జీమర్స్ తొలి దశలో ఉన్నవాళ్లకు అదే మందు మాత్ర రూపంలో ఇచ్చి రెండు పెద్ద పరీక్షలు చేశారు. జబ్బు నెమ్మదించలేదని 2025 నవంబరులో కంపెనీయే ప్రకటించింది. మామగారికి షుగర్, బరువు కోసం అవసరమైతే వాడొచ్చు. మతి కోసం మాత్రం వద్దు. ఆ వయసులో ఊరికే బరువు తగ్గితే కండ కూడా పోతుంది.

దానికంటే పనికొచ్చే సంగతి ఒకటుంది. ఫిన్లాండ్‌లో 60 నుంచి 77 ఏళ్ల 1,260 మందితో ఫింగర్ అనే పరీక్ష చేసి 2015లో ఫలితం ప్రకటించారు. తిండి, వ్యాయామం, మెదడుకు పని, బీపీ షుగర్ల మీద కన్ను, ఈ నాలుగూ కలిపి రెండేళ్లు చేశారు. మతి పరీక్షల్లో వాళ్లు మిగతావాళ్లకంటే మెరుగయ్యారు. అమెరికాలో 2,111 మందితో అలాంటిదే చేసి 2025 జులైలో ప్రకటించారు, ఫలితం అదే దారిలో వచ్చింది. అక్కడ ఒక గుంపుకు సలహా ఇచ్చి, ఎలా చేయాలో వాళ్లకే వదిలేశారు, ఇంకో గుంపును తరచూ కలుస్తూ వెంటపడి చేయించారు. రెండు గుంపులూ బాగుపడ్డాయి, వెంటపడి చేయించిన గుంపు ఇంకాస్త ఎక్కువ.

---

పాలమూరు ఏఎన్ఎం • జనవరి 22, రాత్రి 8:15

ఆ వెంటపడే పని మాది. నాకు నాలుగు ఊళ్లు, రెండు తండాలు. ప్రతి నెలా బీపీ, షుగర్ మాత్రలు ఉచితంగానే ఇస్తాం. మాత్రలకు కొరత లేదు. మింగించడమే కష్టం.

'బీపీ నార్మల్ వచ్చిందన్నావు కదమ్మా, ఇంకెందుకు?' అని ఆపేస్తారు. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే నార్మల్ వచ్చిందని చెబుతాను. తల ఊపుతారు. పై నెల వెళ్తే సీసాలో మాత్రలు అలాగే ఉంటాయి. కొందరు ఇద్దరి మాత్రలు ఒకే డబ్బాలో పోసి, రంగు చూసి వేసుకుంటారు. ఇక తిండి. పచ్చడి, కారం, ఎండు చేపలు, ఊరమిరపకాయలు లేనిదే గొంతు దిగదు. కూలి పని చేసే మనిషి చెమట పోతుంది కాబట్టి ఉప్పు కావాలంటాడు. రోజుకు 5 గ్రాములు అంటే ఒక చిన్న చెంచా, ఇంటిల్లిపాదికీ కాదు ఒక్క మనిషికి, అని చెంచాతో పోసి చూపిస్తే అప్పుడు కాస్త వింటారు.

పక్షవాతం వస్తుందంటే భయపడరు, అది దేవుడి చేతిలో ఉందంటారు. కానీ మొన్న ఒక ముసలమ్మతో 'అవ్వా, బీపీ ఇట్లనే ఉంటే మనవడిని గుర్తుపట్టవు' అన్నాను. ఆమె ఆ రోజు నుంచి మాత్ర మానలేదు. అలా భయపెట్టడం తప్పేమోనని నాకు ఇప్పటికీ మనసులో ఉంది.

---

నాడి • జనవరి 22, రాత్రి 9:50

అమ్మా, మీలాంటి వాళ్ల గురించి ఒక గొప్ప ఫలితం వచ్చింది. మీరు తప్పకుండా వినాలి. చైనాలో 326 పల్లెల్లో, 40 ఏళ్లు దాటి బీపీ అదుపులో లేని 33,995 మందితో చేశారు. సగం పల్లెల్లో ఊళ్లో ఉండే ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి, మందు పెంచడం తగ్గించడం వాళ్ల చేతికే అప్పగించారు. పైన డాక్టర్ల పర్యవేక్షణ ఉంది. లక్ష్యం 130/80 లోపు. చవక మందులు, ఇంట్లోనే బీపీ చూసుకోవడం, ఉప్పు తగ్గించడం. నాలుగేళ్లకు ఆ పల్లెల్లో డిమెన్షియా 15 శాతం తక్కువ వచ్చింది. 2025లో ప్రకటించారు. స్ప్రింట్‌లో స్పష్టంగా తేలని మాట ఇందులో తేలింది. దాన్ని తేల్చింది పెద్దాసుపత్రుల న్యూరాలజిస్టులు కాదు, ఊళ్లోనే ఉండి పనిచేసిన మీలాంటివాళ్లే.

మీరు ఆ అవ్వతో అన్నది అబద్ధం కాదు. మనసులో పెట్టుకోకండి.

---

పాలమూరు ఏఎన్ఎం • జనవరి 22, రాత్రి 10:20

సార్, ఇది రేపు మా ఆశా కార్యకర్తల మీటింగులో చదివి వినిపిస్తాను. మా పనికి మెదడుతో సంబంధం ఉందని మాకెవరూ ఇప్పటిదాకా చెప్పలేదు.

---

వరంగల్ వాకర్ • జనవరి 23, ఉదయం 9:00

కాస్త పక్కకు వెళ్తున్నాను, ఏమనుకోకండి. మన హైదరాబాద్ నిమ్స్‌లో డిమెన్షియాతో వచ్చిన 648 మందిని పరిశీలించి డాక్టర్ సువర్ణ అల్లాడి గారి బృందం 2013లో ఒక మాట చెప్పింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు, ఒకే భాష మాట్లాడేవాళ్లకంటే సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా జబ్బు బయటపడింది. బడి ముఖం చూడనివాళ్లలో కూడా ఆలస్యం కనిపించింది. తెలుగు, ఉర్దూ, దక్కనీ కలగలిసిన మా ఊళ్ల బజార్లలో పెరిగిన మనుషులకు తెలియకుండానే ఇంత పెట్టుబడి ఉందన్నమాట.

దీన్ని చదివి మా స్నేహితుడు నాలుగు భాషలు వచ్చు కాబట్టి తనకు భయం లేదన్నాడు. ఆయన బీపీ 168. నాళాలు మూసుకుపోతే భాషలు మాత్రం ఏం చేస్తాయని పోట్లాడి, మొన్న మాత్ర మొదలుపెట్టించాను.

---

కొల్లిపర కుర్రాడు • మార్చి 2, రాత్రి 9:35

ఆలస్యానికి క్షమించండి. ఆరు వారాల సంగతులు రాస్తున్నాను.

అమ్మకు బీ12 బాగా తక్కువగా వచ్చింది. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. కాళ్ల తిమ్మిర్లు తగ్గాయంటోంది. థైరాయిడ్ మామూలుగానే ఉంది. కూర్చుంటే బీపీ 164/90, నిలబడ్డాక 138. అందుకే డాక్టర్ గారు ఒకేసారి దించకుండా చిన్న మోతాదుతో మొదలుపెట్టి, రెండు వారాలకోసారి కొంచెం పెంచుతున్నారు. ఇప్పుడు 142 దగ్గర ఉంది, నిలబడితే తల తిరగడం లేదు. షుగర్‌కు ఇస్తున్న రెండు మాత్రల్లో ఒకటి షుగర్ మరీ పడిపోయేలా చేసే రకమని అది మార్చారు. చెయ్యి పట్టుకుని నాడి చూసి, కొట్టుకోవడంలో లయ తప్పుతోందేమోనని ఈసీజీ కూడా తీశారు, అది బాగానే ఉంది. గుండె లయ తప్పితే గడ్డలు మెదడుకు చేరతాయని ఆయనే చెప్పారు. ఈసారి పది నిమిషాలు మాట్లాడారు. మీరు చెప్పిన ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లడం వల్లే అనుకుంటాను.

మాత్రల డబ్బా ఏడు గదులది కొన్నాను. పక్కింటి పిన్ని రోజూ సాయంత్రం పాలకు వచ్చినప్పుడు ఆ గది ఖాళీ అయిందో లేదో చూస్తుంది. అమ్మ పోయిన వేగం తిరిగి వచ్చిందని చెప్పలేను. పాల లెక్క ఇప్పుడు పుస్తకంలో రాసుకుంటోంది. మొదటి రోజు 'నాకు పుస్తకమెందుకురా' అని చాలా బాధపడింది. మొన్న వెళ్తే తప్పు లేకుండా రాసిన పేజీ తనే తెచ్చి చూపించింది.

ఇంకో సంగతి. అమ్మ కోసం మెషీన్ కొన్న రోజు ఊరికే నా చేతికి కూడా కట్టి చూశాను. 152/96. మెషీన్ పాడైందనుకుని మళ్లీ చూశాను. వారం రోజులు పొద్దున, సాయంత్రం రాసుకున్నాను, ఒక్కరోజు కూడా 140 కి దిగలేదు. నాకు 47. మూడు నెలల షుగర్ 6.1. అమ్మకు బీపీ వచ్చింది 54 ఏళ్లకు, నాకు అంతకంటే ముందే. గత సోమవారం నుంచి మాత్ర వేసుకుంటున్నాను, ఆఫీసు నుంచి మెట్రో స్టేషన్ దాకా నడుస్తున్నాను.

మా చెల్లికి 43, గుంటూరులో ఉంటుంది. తననీ చూపించుకోమన్నాను. 'మణికట్టుకు కట్టే మెషీన్ చవకగా వస్తోంది, అది చాలా?' అని అడుగుతోంది. నర్సమ్మ గారూ, ఏది కొనాలి?

---

నర్సమ్మ ఖమ్మం • మార్చి 2, రాత్రి 10:10

మణికట్టుది వద్దు తమ్ముడూ. మోచేతి పైన కట్టేదే కొనమను. చెల్లి చెయ్యి లావైతే పెద్ద పట్టీ ఉన్నది అడగాలి, చిన్న పట్టీ బిగిస్తే బీపీ లేనిది కూడా ఉన్నట్టు చూపిస్తుంది. కాఫీ తాగిన అరగంట దాకా చూడొద్దు. ముందు బాత్రూముకు వెళ్లి రావాలి. కుర్చీలో వీపు ఆనించి, కాళ్లు నేల మీద పెట్టి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. చూస్తున్నంతసేపూ మాట్లాడకూడదు, ఫోను కూడా చూడకూడదు. నిమిషం ఆగి రెండోసారి చూసి, రెండూ రాసుకోవాలి. మొదటిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ మెషీన్ వెంట తీసుకెళ్లి, ఆయన మెషీన్‌తో పోల్చి చూసుకోమను.

అమ్మ రాసిన పేజీ ఫొటో తీసి దాచుకో.